చడ్డీ వేసుకుని పువ్వు పూయడం: ఈ లైను మీ ఊళ్ళో ఎలా వినపడింది, తెలుగులో ఎలా చెప్తారు?

నరసన్నపేట:

గ్రూపులో అందరికీ నమస్కారం. ఇక్కడ మామూలుగా పద్యాల మీద, సామెతల మీద మాట్లాడుకుంటాం, ఇవాళ నేను ఒక హిందీ లైను పట్టుకొచ్చాను. హిందీతో మనకేటి పని అని దాటీకండి, ఎందుకంటే ఇది మనకి హిందీ రానప్పుడు నోటికొచ్చీసిన లైను, మన శ్రీకాకుళం విజయనగరం పిల్లలు ఒక తరం తరమంతా అర్థం తెలియకుండానే ఇష్టంగా పాడుకున్న లైను, అది మన చెవిలో పడి ఏమైందో, తెలుగులోకి వస్తే ఏమవుతాదో చూడాలని నాకు చాన్నాళ్ళ కోరిక.

90ల మొదట్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న జంగల్ బుక్ వచ్చేది గుర్తుందా. జపాన్ వాళ్ళు తీసిన బొమ్మల సీరియల్ అది, అక్కడ 1989లో మొదలయ్యింది, మొత్తం 52 భాగాలు. కథేమో తోడేళ్ళు పెంచిన మోగ్లీ అనే పిల్లాడిది, కిప్లింగ్ 1894లో అచ్చేసిన పుస్తకం, అందులో అడవి మధ్యప్రదేశ్‌లో సివనీ వైపుది. అంటే మన దేశపు అడవి కథ ఇంగ్లీషులో పుట్టి, జపాన్‌లో బొమ్మయి, హిందీలో మాటలు నేర్చుకుని మన వీధిలోకి వచ్చింది. అందులో పులి షేర్ ఖాన్‌కి గొంతు ఇచ్చింది నానా పాటేకర్. హిందీ వాళ్ళ కోసం కొత్తగా పాట రాసింది గుల్జార్, బాణీ విశాల్ భరద్వాజ్. ఆ లైను మీకందరికీ తెలుసు, అయినా రాస్తాను:

జంగల్ జంగల్ బాత్ చలీ హై, పతా చలా హై, చడ్డీ పహన్ కే ఫూల్ ఖిలా హై (అడవంతా మాట నడిచింది, తెలిసింది, చడ్డీ వేసుకుని పువ్వు పూసింది అని)

మన బళ్ళలో హిందీ ఆరో తరగతిలో కదా మొదలు, ఈ పాట పాడిన వాళ్ళలో సగం మంది అప్పటికి రెండు మూడు తరగతుల్లో ఉన్నారు. మొత్తం లైన్లో మాకు పక్కాగా తెలిసిన మాట చడ్డీ ఒక్కటే. అదొక్కటి తెలిస్తే చాలు అన్నంత సంబరం, పెద్ద టీవీలో, అదీ దూరదర్శన్‌లో, చడ్డీ అని పాడతన్నారు అంటే అది మన పాటే అనిపించీసింది.

తర్వాత ఫూల్. మా వీధిలో ఇంగ్లీషు మీడియం బడికెళ్ళే గుంటలంతా అది తిట్టు అన్నారు, చడ్డీ ఏసుకున్న తెలివితక్కువోడు అని అర్థం చెప్పీసారు, మోగ్లీని అలాగ ఎందుకు తిడతన్నారని నాకు మనసులో బాధగా ఉండేది. మా మామ్మకి ఇంగ్లీషూ లేదు హిందీ లేదు, ఆవిడ నోట ఫ పలకదు ఖ పలకదు, ఆవిడకి వినపడింది పూల్ అనే. "పూలంటన్నాడు కదర్రా, సడ్డీ ఏసుకున్న పూలంట" అని తేల్చి చెప్పీసింది. చదువుకున్న గుంటలకి అందని అర్థం ఆవిడకి మొదటి వినికిడిలోనే అందింది! నేను పెద్దయ్యాక ఇది వెతికి చూశాను. హిందీ ఫూల్ సంస్కృతం ఫుల్ల నుంచి వచ్చింది, ప్రఫుల్ల అని మనం కూడా వాడతాం కదా, వికసించిన అని. మన పూవు ద్రావిడ మాట, తమిళంలో పూ, కన్నడంలో హూవు. రెండూ వేరే వేరే ఇళ్ళలో పుట్టినవి, కానీ ఒత్తు తీసేస్తే మన ఊరి నోట్లో కలిసిపోయాయి. ఒత్తులు పలకడం రాదు అని మనోళ్ళని ఎంతమంది ఎంత చిన్నచూపు చూశారో మనకి తెలుసు, ఇక్కడ ఆ ఒత్తు లేకపోబట్టే అర్థం దొరికింది. ఈ ఒక్క సంగతి కోసమే ఈ పోస్టు పెట్టాలనిపించింది నాకు.

సరే ఇప్పుడు నా ప్రశ్న. మీ ఊళ్ళో ఎలా వినపడింది, ఇంకా, దీన్ని తెలుగులో చెప్పమంటే ఎలా చెప్తారు? పాటకి సరిపోయేటట్టు చెప్పాలి, పదానికి పదం పేర్చడం కాదు.

ఇచ్ఛాపురం:

అన్నా, మా దగ్గర ఈ గొడవే లేదు. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒరియా, ఆడుకోడం రెండిట్లోనూ. ఒరియాలో పువ్వుని ఫులొ అంటారు, అడవిని జంగొలొ అంటారు, కాబట్టి జంగల్, ఫూల్ రెండూ పక్కింటి పిల్లలకి పుట్టుకతోనే తెలుసు, వాళ్ళే మాకు చెప్పారు. వాళ్ళకి తిరకాసు వచ్చింది ఖిలా దగ్గర. ఒరియాలో పువ్వు విచ్చుకుంటే ఫుటిచి అంటారు, ఖిలా అనరు, అందుకని ఆ చివర మాట మాకూ వాళ్ళకీ ఎవరికీ తెలీక పువ్వు ఏదో చేసింది అనుకుని వదిలీసాం. చడ్డీ ఏసుకున్నాక ఏం చేసిందో మాత్రం తెలీదు. ఆ ఏం చేసిందో తెలీకపోవడం బాగుండేది, ప్రతి ఆదివారం దానికి ఒక కొత్త అర్థం చెప్పుకునేవాళ్ళం.

బొబ్బిలి:

మాకు ఖిలా అంటే కోటే. గోల్కొండ ఖిల్లా అని వింటాం కదా అదే. ఇక బొబ్బిలి పిల్లలకి కోట అంటే చెప్పాలా, 1757 యుద్ధం కథ వింటూ పెరిగిన వాళ్ళం. పువ్వు కోటలో ఉంది అని మేము ఖాయం చేసీసుకున్నాం, మోగ్లీ కోట మీదకెక్కుతాడని ఎదురుచూశాం, నిజంగానే ఆ కథలో కోతులు వాణ్ణి ఎత్తుకుపోయి పాడుబడ్డ నగరంలో పెట్టే భాగం వస్తాది, అప్పుడు మా ఆనందం చెప్పలేను, చూశారా కోట వచ్చింది అని.

ఇప్పుడు తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న. నేను బళ్ళో తెలుగు చెప్తాను కాబట్టి నాకు మొదట తగిలింది పహన్ కే. హిందీ వాళ్ళకి పహన్‌నా ఒక్కటి ఉంటే చీరకీ చొక్కాకీ గాజులకీ చెప్పులకీ సరిపోతాది. మనకి అలాగ కుదరదు. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం లేదా ఏసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, మా అమ్మ తరం వాళ్ళు ముడుచుకుంటాం అనేవారు, తలపాగా చుట్టుకుంటాం, దుప్పటి కప్పుకుంటాం, వాచీ పెట్టుకుంటాం. ఏది ఒంటికి ఎలా అంటుకుంటాదో దాన్నిబట్టి క్రియ మారిపోతాది. కాబట్టి మోగ్లీ ఏం ఏసుకున్నాడో తేల్చకుండా తెలుగులో మాట పడదు. బొమ్మలో చూస్తే వాడు కట్టుకున్నది ఎర్రటి గుడ్డ, అది కుట్టిన చడ్డీ కాదు, గోచీ. గోచీ అయితే పెట్టుకోవాలి. నా ఓటు గోచీకే, "గోచీ పెట్టుకుని". అడవిలో దర్జీ ఎక్కడున్నాడు?

ఇంకో ముఖ్యమైన విషయం, పెట్టుకోవడంలో ఉన్న ఆ కొను. తొడిగింది వేరు, తొడుక్కుంది వేరు. తల్లి పిల్లాడికి తొడుగుతాది, పిల్లాడు తొడుక్కుంటాడు. మోగ్లీకి తల్లి తోడేలు, దానికి గుడ్డ తొడగడం తెలీదు, వాడంతట వాడే పెట్టుకోవాలి. ఈ సంగతంతా ఆ చిన్న కొనులో ఉంది. హిందీలో కూడా పహన్, పహనా అని తేడా ఉందనుకోండి, కానీ మనకి ఇది ప్రతి పనిలోనూ ఉంటాది, రాసుకున్నాడు, వండుకుంది, చెప్పుకున్నాం.

విజయనగరం మాస్టారు:

చాలా సంతోషంగా ఉంది ఈ చర్చ చూస్తే. నేను హిందీ పండితుణ్ణి, ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆరో తరగతి పిల్లలకి లింగభేదం చెప్పి చెప్పి అలిసిపోయినవాణ్ణి, కాబట్టి నా మాట అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ ఒక్క లైన్లో మూడు క్రియలు చూడండి. బాత్ స్త్రీలింగం కాబట్టి చలీ. పతా పుల్లింగం కాబట్టి చలా. ఫూల్ పుల్లింగం కాబట్టి ఖిలా. మన పిల్లలకి ఇది ఎందుకు కష్టమంటే తెలుగులో ఏకవచనంలో మగవాడొక్కడే మహత్తు, అంటే వచ్చాడు అనేది వాడికే, మిగతాదంతా, అమ్మైనా ఆవైనా మాటైనా పువ్వైనా, ఒకటే -ంది. మాట వచ్చింది, అమ్మ వచ్చింది, పువ్వు పూసింది. నేను క్లాసులో ఈ పాటే ఉదాహరణగా చెప్పేవాణ్ణి, పిల్లలు ఇట్టే పట్టుకునేవారు, పుస్తకంలో ఉన్న ఉదాహరణలు ఒక్కటీ పనిచేయలేదు ఇది పనిచేసినట్టు.

కానీ అసలు సంగతి ఇంకా లోపల ఉంది. కవి చడ్డీ వేసుకున్న పిల్లాణ్ణి పువ్వు అన్నాడు. హిందీలో పువ్వు పుల్లింగం, పిల్లాడూ పుల్లింగం, ఖిలా అంటే ఇద్దరికీ సరిపోయింది, పిల్లాడు పువ్వులో పూర్తిగా దాక్కున్నాడు, ఎక్కడా అతుకు కనపడదు. అదే కలీ అని మొగ్గ మాట వాడి ఉంటే ఖిలీ అనాల్సి వచ్చేది, అక్కడ ఆడపిల్ల కనపడేది. తెలుగులో పువ్వు పూసింది అనగానే మగపిల్లాడు వెనక్కి వెళ్ళిపోతాడు. పైగా మన కావ్యాల్లో పువ్వంటే ఆడవాళ్ళే, పూబోడి, విరిబోణి, ఇలాంటి మాటలు ఎన్ని లేవు, మగపిల్లాణ్ణి పువ్వనడం మనకి అలవాటు తక్కువ. ఒక్క సామెతలో మాత్రం ఉంది, పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది అని. అది ఆడా మగా చూడదు, ఏ పిల్లకైనా అంటాం. కాబట్టి తెలుగులో చెయ్యాలంటే ఆ సామెత దన్ను తీసుకోవాలి, కావ్యాల దన్ను కాదు.

ఇక నడక. మాత్రల్లో లెక్కేద్దాం, పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ ఒత్తు ముందు అక్షరానికీ రెండు. హిందీ లెక్కలో జంగల్ నాలుగు, జంగల్ నాలుగు, బాత్ మూడు, చలీ మూడు, హై రెండు, మొత్తం 16 మాత్రలు. పతా చలా హై 8. చడ్డీ పహన్ కే ఫూల్ ఖిలా హై, ఇక్కడ కే ని కురచగా పలుకుతారు, అప్పుడు మళ్ళీ 16. ఇప్పుడు మన ఊరి కవి దగ్గరికి రండి. గురజాడ వారి పూర్ణమ్మ మొదలు ఏమిటి, "మేలిమి బంగరు మెలతల్లారా". లెక్క కట్టండి, మేలిమి నాలుగు, బంగరు నాలుగు, మెలతల్ నాలుగు, లారా నాలుగు. 16. తర్వాత "కలువల కన్నుల కన్నెల్లారా", అదీ 16. జంగల్ జంగల్ బాణీలో ఈ రెండు లైన్లు పాడి చూడండి, ఎక్కడా తట్టుకోదు. గురజాడ తన ముత్యాలసరాల్లో మూడు నాలుగు కలిపి నడిపించాడు గానీ పూర్ణమ్మకి మాత్రం ఈ నాలుగు నాలుగు నడక తీసుకున్నాడు, అది పిల్లల నోటికి దొరికే నడక. అందుకే మన పిల్లలకి హిందీ రాకపోయినా పాట వచ్చేసింది. నడక ముందే తెలుసు, మాటలు మాత్రమే కొత్త.

నరసన్నపేట:

మాస్టారూ, మీరు చెప్పాక పాడి చూశాను, ఒళ్ళు పులకరించింది. కథ ఎంత దుఃఖమో, నడక అంత ఆటపాట నడక, ఇన్నేళ్ళూ చదివాను గానీ ఇలా పాడుకోలేదు.

మీ లెక్క పట్టుకుని ప్రయత్నం చేశాను, చూడండి:

అడవీ అడవీ మాట పొక్కింది
తెలిసీసింది
చడ్డీ ఏసుకు పువ్వు పూసింది

అడవీ నాలుగు, అడవీ నాలుగు, మాట మూడు, పొక్కింది ఐదు, 16. చివరి లైను చడ్డీ నాలుగు, ఏసుకు నాలుగు, పువ్వు మూడు, పూసింది ఐదు, 16. మాట పొక్కింది, పువ్వు పూసింది, రెండూ ఒకే వాటం. తెలిసీసింది 7 వస్తాది, చివర సాగదీస్తే సరిపోతాది. మీరు లింగభేదం దగ్గర నష్టం చెప్పారు గానీ లాభం కూడా ఉంది మాస్టారూ, హిందీలో చలీ చలా ఖిలా అని మారిపోయే చోట మనకి మూడు లైన్లూ ఒకటే -ంది మీద ఆగతాయి, అంత్యప్రాస మనం వెతుక్కోలేదు, భాషే ఇచ్చింది.

తెలిసీసింది అని కావాలనే పెట్టాను. తెలిసింది అంటే వార్త చదివినట్టుంటాది. తెలిసీసింది అంటే ఇంక దాచలేం, అయిపోయింది, అందరికీ తెలిసిపోయింది అని. మన ఈసి లేకపోతే ఆ ఊపు రాదు. వచ్చీసాడు, తినీసాను, చేసీసింది, ఇదంతా మన వైపు మాట అని కొంతమంది రాతలో తీసేస్తారు, పాటలో తీయకూడదు.

పూసింది మీద కూడా ఒక మాట. ఖిలా అంటే విచ్చుకుంది అని చెప్పొచ్చు, మనవైపు ఇచ్చుకుంది అంటారు, కానీ అది రాస్తే ఎవరికో ఏదో ఇచ్చుకున్నట్టు అవుతాది, అందుకు వదిలీసాను. పువ్వు, పూయడం రెండూ ఒకే మాట నుంచి వచ్చినవి, పువ్వు పూసింది అంటే పేరూ పనీ ఒకటే. పూర్ణమ్మలోనే "ఏయే వేళల పూసే పువ్వుల" అని ఉంది కదా, ఆ జంట మనకి ఎప్పుడూ ఉన్నదే.

ఇప్పుడు అప్పా, మీ గోచీ. లెక్కకి అదీ సరిపోయింది, "గోచీ పెట్టుకు పువ్వు పూసింది" కూడా 16, నేను రెండూ పాడి చూసుకున్నాను. బొమ్మలో ఉన్నది గోచీయే, మీరు చెప్పింది నిజం. అయినా నేను చడ్డీ దగ్గరే ఉంటాను, కారణం చెప్తాను. మన పల్లెల్లో గోచీ పెద్దవాళ్ళది, నాగలి పట్టిన తాతలది, ఊడుపుల్లో బురదలో దిగిన వాళ్ళది, ఆ మాట అనగానే చాకిరీ గుర్తొస్తాది, లేమి గుర్తొస్తాది. చడ్డీ పిల్లాడిది. పసోడు మొలతాడు మీద వీధంతా తిరుగుతాడు, వాడికి ఒకరోజు చడ్డీ ఏస్తారు, ఆరోజు వాడు మనుషుల్లో పడతాడు, బడికి తయారవుతాడు. అడవిలో ఎవరికీ బట్ట లేదు, ఎలుగ్గొడ్డుకి లేదు, నల్లచిరుతకి లేదు, తోడేలు అన్నదమ్ములకి లేదు, ఒక్కడికే ఉంది. అందుకే అడవంతా మాట్లాడుకుంది. పాట తర్వాతి చరణం చూడండి, అక్కడ ఒక పిట్ట పిల్ల ఒంటి మీద ఏమీ లేదని సిగ్గుపడతాది, గుడ్డులో ఉన్నప్పుడే బాగుంది, బయటికి ఎందుకొచ్చానా అనుకుంటాది. అంటే కవికి చడ్డీ అంటే పుట్టుకే. గుడ్డులోంచి బయటపడిన ప్రాణికి లోకం ఇచ్చే మొదటి గుడ్డ. అది గోచీ అంటే ఆ పసితనం పోతాది.

బొబ్బిలి:

ఒప్పుకుంటాను తమ్ముడూ, మొలతాడు మాట చెప్పీసరికి నాకు మరి వాదన లేదు. మా బళ్ళో ఒకటో తరగతిలో చేరిన వాళ్ళు కొత్త చడ్డీ పదే పదే పైకి లాక్కుంటూ నడుస్తారు, ఆ నడకలోనే పాట ఉంది.

కానీ మొదటి లైన్లో పొక్కింది నాకు నచ్చలేదు. మాట పొక్కడం అంటే రహస్యం బయటపడడం, అందులో కొంచెం చెడ్డ వాసన ఉంటాది. ఇది సంతోషపు వార్త కదా. పాకింది అనొచ్చు, లేకపోతే మనకి చక్కటి పలుకుబడి ఉంది, ఊరంతా కోడై కూసింది అని. అడవంతా కోడై కూసింది అంటే ఎంత బాగుంటాది, అడవిలో నిజంగానే కోళ్ళున్నాయి కూడానూ.

ఇచ్ఛాపురం:

కోడై కూసింది సూపర్ అప్పా. నేనైతే అదే పాడతాను మా పాపకి.

విజయనగరం మాస్టారు:

అడవం, తా కో, డై కూ, సింది. 4, 4, 4, ఆఖరున 3, సాగదీస్తే సరి. నడకకి ఇబ్బంది లేదమ్మా. అయితే చలీ హై లో ఉన్న నెమ్మది అందులో లేదు. బాత్ చలీ అంటే మాట నడిచింది, ఒకరి నుంచి ఒకరికి. కోడి కూస్తే ఒక్కసారే ఊరంతా వింటుంది.

నరసన్నపేట:

అప్పా, కోడై కూసింది వినడానికి చాలా బాగుంది, కాదనను. పాకింది కూడా లెక్కకి సరిపోతాది. కానీ పొక్కింది వద్దనకండి. కథలో ఏం జరిగింది, పసోణ్ణి తోడేళ్ళు తమ గుహలో దాచుకున్నాయి, బయట షేర్ ఖాన్ వాడి కోసమే తిరుగుతన్నాడు, ఆ పిల్లాడు నా వేట, నాకిచ్చీయండి అని గుహ ముందుకొచ్చి అరుస్తాడు. అలాంటప్పుడు ఆ పసోడి సంగతి ఎవరికి తెలిసినా ముప్పే. పాట వింటే సంబరమే కనపడతాది గానీ, సీరియల్ చూసిన పిల్లలందరికీ ఆ పులి ఎక్కడో ఉందని లోపల భయం ఉండేది, నానా పాటేకర్ గొంతు వినపడితే మా చెల్లి నా చొక్కా పట్టుకునేది. పొక్కింది అంటే ఆ భయం కూడా లైన్లోకి వస్తాది. అందుకు ఉంచుదామంటాను.

మాస్టారూ, రెండో చరణం మీరు పట్టుకోండి. హై శర్మిందా అన్నదాన్ని మనం పిట్ట సిగ్గుపడింది అనకుండా పిట్టకి సిగ్గేసింది అనాలి, సిగ్గు మనకి బయటి నుంచి వచ్చి మీద పడేది కదా, ఆకలేసింది, భయమేసింది లాగ. "ఒక్క పిట్టకీ సిగ్గేసింది" అని అక్కడి వరకు వచ్చాను, ఒక్క పిట్టకీ 8, సిగ్గేసింది 7, ఇదీ -ంది మీదే ఆగింది. గుడ్డు లైను ఇంకా కుదరలేదు, గుడ్డులో ఉండగా హాయిగ ఉండె అంటే మన మాట కాదు, ఉండీది అంటే మాత్రలు మిగులుతున్నాయి. ఎవరికి తోస్తే వాళ్ళు రాయండి.